తేనెటీగ కూడా నిద్రపోతుంది

సూరత్‌లో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న అమ్రోలీలో పొద్దు పొడవడం కన్నా షిఫ్టు మారడమే పెద్ద ఘటన. అంజనీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో బారులు తీరిన షెడ్లలోంచి రాత్రంతా మరమగ్గాల మధ్య నిలబడ్డ మగవాళ్లు బయటికొస్తుంటే, పగటి షిఫ్టు వాళ్లు లోపలికి వెళ్తుంటారు. షిఫ్టు అంటే 12 గంటలు. టీ బండి దగ్గర రెండు గుంపులూ కలుస్తాయి. అందరూ గొంతు పెంచే మాట్లాడుకుంటారు. తగాదా ఏమీ ఉండదు. వంద డెసిబెళ్ల చప్పుడులో రాత్రి గడిపిన చెవికి మామూలు మాట ఆనదు, అంతే.

అక్కడి నుంచి వాళ్లు వెళ్లేది 'మెస్' అని పిలిచే గదులకు. ఒక్కో గదిలో పదుల సంఖ్యలో మనుషులు. గదికి రెండు బృందాలు. పగలు పనిచేసేవాళ్లు రాత్రి పడుకునే చోటే, రాత్రి పనిచేసేవాళ్లు పగలు పడుకుంటారు. ఒకరు లేచిన పరుపు చల్లారకముందే రెండోవారు వాలతారు. వంట చప్పుడు, నీళ్ల కోసం వరస, రేకుల కప్పు కింద మే నెల ఎండ... వీటన్నిటి మధ్యా పట్టినంత నిద్రే నిద్ర. ఈ మగ్గాల మీద ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు. నదికి ఇవతల లింబాయత్ పరిసరాల్లో తెలంగాణ నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు ఉన్నారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతూ వచ్చింది. షోలాపూర్, భివండీ, సూరత్ - నల్గొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల నేత కుటుంబాలకు ఈ మూడు ఊళ్ల పేర్లు వేరే రాష్ట్రాల పేర్లుగా వినిపించవు. సిరిసిల్లలో సాంచాలు ఆడించే మనిషికి అమ్రోలీ షెడ్డులో ఏది ఎక్కడుంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇలాంటి ఊరి గురించి రాసేవాళ్లకూ, ప్రసంగించేవాళ్లకూ తొందరగా దొరికే పోలిక ఒకటుంది. తేనెటీగలు. సూరత్ తేనెపట్టు లాంటిదట, అక్కడి శ్రామికులు తేనెటీగల్లా విశ్రాంతి ఎరగకుండా కష్టపడతారట. పోలికలో మెచ్చుకోలు ఉంది కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. ఒకటో తరగతి వాచకంలో చీమతో పాటు మొదలయ్యే ఈ పాఠం కంపెనీల ప్రేరణ తరగతుల దాకా చెక్కుచెదరకుండా వస్తుంది. ఏటా మే 20న ప్రపంచ తేనెటీగల దినోత్సవం నాడు - ఐక్యరాజ్యసమితి 2017లో ప్రకటించింది, 2018 నుంచి జరుపుతున్నారు - పిల్లల చేత మరోసారి వల్లె వేయిస్తారు. తేనెటీగలా శ్రమించు.

తేనెటీగ నిజంగా అంత శ్రమిస్తుందా? దాన్ని దగ్గర కూర్చుని చూసిన మనిషి చెప్పింది మరొకటి.

ఆయన పేరు మార్టిన్ లిండావర్. జర్మన్. రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు రంగంలో గాయపడి, కోలుకుంటున్న రోజుల్లో మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఉపన్యాసం విని, యుద్ధంలో చూసినదాని తర్వాత ఇదే అర్థవంతమైన పని అనుకుని తేనెటీగల శాస్త్రంలోకి వచ్చేశాడు. తేనెటీగల నాట్యభాషను విప్పినందుకు 1973లో నోబెల్ పంచుకున్న ఫ్రిష్ ఆయనే. లిండావర్ చేసిన పని చెప్పుకోవడానికి చాలా తేలిక, చేయడానికి ప్రాణాంతకం. గాజు పలకల మధ్య పట్టు పెట్టి, ఒక ఈగకు రంగుచుక్కలతో 107 నంబరు వేసి, అది ఏ నిమిషంలో ఏం చేస్తోందో రాసుకుంటూ కూర్చున్నాడు. మొత్తం 176 గంటల 45 నిమిషాలు. ఫలితాలు 1952లో అచ్చయ్యాయి.

ఆ లెక్క పాఠ్యపుస్తకం వాళ్లు చూసినట్టు లేరు. 176 గంటల్లో దాదాపు 70 గంటలు 107 నంబరు ఈగ ఏ పనీ చేయలేదు. ఊరకే ఉంది. మరో 56 గంటలకు పైగా పట్టు మీద అటూ ఇటూ తిరిగింది. గదుల్లోకి తొంగి చూడడం, ముందుకు పోవడం, మళ్లీ తొంగి చూడడం. గదులు శుభ్రం చేయడం, పిల్ల పురుగులకు మేత పెట్టడం, మైనంతో పట్టు కట్టడం వంటి 'అసలు పని' అంతా కలిపి మిగిలిన మూడో వంతులోనే అయిపోయింది. మన దగ్గర ఏ సూపర్‌వైజర్ కంటనైనా పడితే 107 నంబరుకు ఆ నెల జీతంలో కోత తప్పేది కాదు.

అది సోమరి ఈగ అనుకోవడానికి లేదు. తిరగడం కూడా పనే. పట్టులో మేస్త్రి లేడు, హాజరు పుస్తకం లేదు. రాణి అని పేరు పెట్టుకున్నాం గానీ ఆమె ఎవరికీ ఆజ్ఞలివ్వదు, గుడ్లు పెడుతుంది. ఇరవై ముప్పై వేల ఈగలున్న పట్టులో ఎక్కడ ఏ లోటుందో తెలుసుకునే మార్గం ప్రతి ఈగా తిరిగి చూసుకోవడమే. ఇక విశ్రాంతి ఆ పట్టుకు నిలవ సరుకు. ఎండ ముదిరి లోపల వేడెక్కితే నీళ్లు తేవడానికి ఈగలు కావాలి. చెట్టంతా ఒక్కరోజే విరగబూస్తే వేల సంఖ్యలో బయటికి దూకాలి. అందరూ అన్ని వేళలా పనిలో మునిగి ఉంటే ఆ రోజుకు ఎవరూ మిగలరు.

కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ సీలీ దీన్నే మరికొంత ముందుకు తీసుకెళ్లాడు. బయటి నుంచి మకరందం తెచ్చిన ఈగ దాన్ని నేరుగా గదిలో పోయదు. లోపలుండే మరో ఈగ నోటికి అందిస్తుంది. అందుకునేవారు వెంటనే దొరికితే లోపల చేతులు ఖాళీగా ఉన్నాయని అర్థం. వచ్చిన ఈగ పొట్ట ఆడిస్తూ నాట్యం చేసి మరికొందరిని ఆ పూల దగ్గరికి పంపుతుంది. చాలాసేపు వేచి ఉండాల్సి వస్తే వేరే రకంగా వణుకుతూ నడుస్తుంది. అది చూసి లోపల ఖాళీగా ఉన్న ఈగలు అందుకునే పనికి వస్తాయి. ఈ వణుకు నడకను 1920ల్లోనే గమనించిన ఫ్రిష్ దానికేమీ అర్థం లేదనుకున్నాడు. దాని అర్థం 1990ల్లో సీలీ ప్రయోగాలతో తేలింది. వేచి ఉన్న సమయమే పట్టుకు వార్త.

అమ్రోలీలో కూడా మగ్గాలు ఆగి మనుషులు ఖాళీగా కూర్చునే రోజులుంటాయి. నూలు ధర పెరిగినప్పుడు, గ్రే బట్ట గోదాముల్లో పేరుకున్నప్పుడు, కరెంటు పోయినప్పుడు. 2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినప్పుడు నగదు మీద నడిచే సూరత్ బజారు కుదేలైంది. 2017 జూలైలో జీఎస్టీకి నిరసనగా బట్టల వ్యాపారులు రోజుల తరబడి దుకాణాలు మూశారు. తేనెపట్టుకూ ఈ కార్ఖానాకూ అసలు తేడా అలాంటి రోజుల్లో బయటపడుతుంది. ఊరకే ఉన్న ఈగ ఆకలితో ఉండదు. నిలవ తేనెలోంచి తాగుతుంది. ఉదయం నుంచి ఎన్ని గదులు శుభ్రం చేశావని అడిగేవారు లేరు. అమ్రోలీలో కూలి మీటర్ల లెక్కన. మగ్గం ఆడితే మీటరు, మీటరు పడితే రూపాయి. దారం తెగి మగ్గం ఆగినా, గిరాకీ పడిపోయి షెడ్డే మూతపడినా ఆ గంటల భారం మోసేది మగ్గం పక్కన నిలబడ్డవాడే. మెస్ అద్దె, తిండి ఖర్చు మాత్రం ఆగవు. కార్ఖానాకు కూడా నిలవ మనుషులు కావాలి, ఉన్నారు కూడా. వాళ్లను పోషించే ఖర్చు మాత్రం వాళ్లదే, లేదా గంజాంలోనో నల్గొండలోనో ఉన్న వాళ్ల ఇంటివాళ్లది. పని ఎక్కువైనప్పుడు తేనెటీగలతో పోల్చేవారు పని లేనప్పుడు ఆ పోలికను మరిచిపోవడం చిత్రమే.

ఇక నిద్ర. తేనెటీగ నిద్రపోతుందన్న సంగతి 1980ల దాకా శాస్త్రానికీ గట్టిగా తెలియదు. రాత్రిళ్లు కదలకుండా ఉంటాయని చూసినవాళ్లున్నారు గానీ అది నిద్రే అని తేల్చింది జర్మన్ పరిశోధకుడు వాల్టర్ కైజర్. మొదట కాళ్లు మడుచుకుంటాయి, తల వాలుతుంది, మీసాల్లాంటి స్పర్శకాలు కిందికి జారి ఆగిపోతాయి, ఒళ్లు చల్లబడుతుంది. గాఢనిద్రలో కొన్ని పక్కకు ఒరుగుతాయి. పగలంతా పూల మీద తిరిగే పెద్ద ఈగలకు రాత్రే నిద్ర. లోపలి పని చేసే చిన్న ఈగలు రాత్రీ పగలూ అన్న లెక్క లేకుండా పనిచేస్తాయి, నిద్రా అలాగే విడివిడి కునుకులుగా తీస్తాయి. చాలాసార్లు ఖాళీ గదిలోకి తలదూర్చి పడుకుంటాయి. పెద్ద ఈగలు పిల్లలుండే సందడి ప్రాంతానికి దూరంగా, పట్టు అంచుల వైపు వెళ్లి పడుకుంటాయని బారెట్ క్లైన్ అనే అమెరికన్ పరిశోధకుడు గుర్తించాడు. మైనం గూడులో కూడా నిద్రకు వేరే చోటుంది, దాని దగ్గర తోపులాట తక్కువ.

ఆ క్లైన్ బృందమే ఈగల నిద్ర చెడగొడితే ఏమవుతుందో కూడా చూసింది. కొన్ని ఈగల వీపుకు చిన్న ఉక్కు ముక్క, మరికొన్నిటికి రాగి ముక్క అంటించారు. పట్టు పక్కన అయస్కాంతాల పరికరం పెట్టి రాత్రంతా నిమిషానికి మూడుసార్లు అటూ ఇటూ జరిపారు. రాగిని అయస్కాంతం లాగదు కాబట్టి అవి హాయిగా పడుకున్నాయి. ఉక్కు మోసిన ఈగలు తెల్లవార్లూ కుదుపుతో మేలుకుంటూనే ఉన్నాయి. మర్నాడు అవి కూడా పూల దగ్గరికి వెళ్లొచ్చాయి, నాట్యమూ చేశాయి. చూడ్డానికి పనిలో లోటు లేదు. కానీ నాట్యంలో దిక్కు సూచించే కోణం తడబడింది. 2010లో అచ్చయిన ఆ ఫలితం చెప్పేది ఇంతే. నిద్ర లేని ఈగ పని మానదు, దారి తప్పు చెబుతుంది.

రాత్రి షిఫ్టు చివరి రెండు గంటల్లో ఎనిమిది, పది మగ్గాల మధ్య తిరిగే మనిషి కూడా పని మానడు. అతనికి తప్పేది కోణం కాదు, వేలు. ఆడుతున్న మగ్గంలో తెగిన పోగు పట్టుకోవడానికి చెయ్యి పెట్టినప్పుడు అర సెకను ఆలస్యం ఎంత ఖరీదో ఆ షెడ్లలో అందరికీ తెలుసు. ఇరుకు దారిలో పడుగు చుట్టిన బరువైన భీములు మోసుకెళ్లేటప్పుడు కాలు జారితే ఏమవుతుందో కూడా. చెవి సంగతి వేరు. అది ఒక్కరోజులో పోదు కాబట్టి ప్రమాదాల లెక్కలోకి రాదు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోతుంది. ఊరికి తిరిగొచ్చాక ఇంట్లోవాళ్లు మూడుసార్లు పిలిస్తే గానీ పలకని రోజున తెలుస్తుంది.

అన్నట్టు తేనెటీగల్లో రాత్రి షిఫ్టు చేసే జాతి ఒకటుంది, అది మన దేశంలోదే. పెద్ద చెట్ల కొమ్మలకూ, కొండచరియలకూ, నగరాల్లో నీళ్ల ట్యాంకుల అడుగునా, వంతెనల కిందా ఒకే ఒక్క పెద్ద తుట్టె వేలాడదీసే కొండ తేనెటీగ. వెన్నెల బాగా ఉన్న రాత్రుల్లో అది పూల కోసం బయల్దేరుతుందని 1980ల్లోనే పరిశోధకులు రాశారు. అయితే వెన్నెల తగ్గితే మానేస్తుంది. ట్యూబులైటు పెట్టి కొనసాగించమనేవారు లేరు.

తేనెటీగ దగ్గర పాఠాలు నేర్చుకోవడంలో ఉన్న చిక్కు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎవరికి కావలసిన పాఠం వారికి అందులో దొరుకుతుంది. పట్టును రాజు ఏలుతున్నాడని అరిస్టాటిల్ అనుకున్నాడు, రెండు వేల ఏళ్లు రాజులందరికీ అది బాగా నచ్చింది. 1609లో ఇంగ్లండ్‌లో చార్లెస్ బట్లర్ అది రాజు కాదు రాణి అని పుస్తకం రాశాడు. నెపోలియన్ బంగారు తేనెటీగను తన సామ్రాజ్యానికి గుర్తుగా పెట్టుకున్నాడు. 18వ శతాబ్దపు తొలినాళ్లలో బెర్నార్డ్ మాండెవిల్ పట్టు కథ చెప్పి, మనుషుల దుర్గుణాలే వ్యాపారాన్ని నడుపుతున్నాయని లండన్ పెద్దలకు కోపం తెప్పించాడు. ఎంత నేర్పున్నా తేనెటీగ తలలో ముందుగా నమూనా ఉండదని, పనికిమాలిన వాస్తుశిల్పికైనా అది ఉంటుందని మార్క్స్ 1867లో తేడా చూపించాడు. ఇప్పుడు సీలీ పట్టులో ప్రజాస్వామ్యం చూశాడు. రాజనీతిశాస్త్రం చదివేవాళ్లకు తేనెటీగ ఎప్పుడూ అద్దమే, అందులో కనిపించేది చూసేవాడి ముఖమే. కార్మిక పక్షాన మాట్లాడేవాళ్లకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. చలి ముదిరేముందు మగ ఈగలను పట్టులోంచి గెంటేసేది, గుడ్డు పెట్టబోయిన తోటి కూలి ఈగను అడ్డుకుని ఆ గుడ్డును తినేసేది కూడా ఇవే ఈగలు. వాటిని యూనియన్ నాయకులుగా నిలబెట్టడం కష్టం. పైగా లిండావర్, సీలీ, క్లైన్ చూసినవి యూరప్ జాతి ఈగలు. మన కొండ ఈగ పగలంతా ఎలా గడుపుతుందో అంత పట్టి చూసినవారు తక్కువ.

తెలుగువాళ్లకైతే ఈ విషయంలో వేమన ముందే జాగ్రత్త చెప్పాడు. ఆయన చూసిన తేనెటీగ శ్రమకు ఆదర్శం కాదు. తాను తినక, ఒకరికి పెట్టక కూడబెట్టి, చివరికి దారిన పోయేవాడికి అప్పగించే పిసినారికి ఉపమానం. బడి పుస్తకం కష్టపడడం వరకు చెప్పి ఆపేస్తుంది. ఆ తేనె ఎవరు తిన్నారన్న ప్రశ్న వేసింది వేమనే. ఆయన దెప్పింది కూడబెట్టినవాణ్ని. అమ్రోలీలో నిలబడి చదువుకుంటే చూపు తెరువరి మీదికి మళ్లుతుంది.

పాఠం నేర్వక తప్పదంటే పట్టులో మరో సంగతి ఉంది. అక్కడ పని వయసును బట్టి మారుతుంది. పుట్టిన ఈగ మొదటి రోజుల్లో గదులు శుభ్రం చేస్తుంది, తర్వాత పిల్లలకు మేత పెడుతుంది, మైనం కడుతుంది, మకరందం అందుకుంటుంది, వాకిట్లో కాపలా కాస్తుంది. మూడు వారాలు దాటాక గానీ పూల కోసం బయటికి పోదు. పక్షులు, సాలీళ్లు, గాలి, దారి తప్పడం - ప్రాణం పోయే పని అదే. బయటికి తిరగడం మొదలుపెట్టిన ఈగ చాలావరకు రెండు మూడు వారాలకు మించి బతకదు. రెక్కలు అంచులు చిరిగి, మొత్తం మీద ఓ 800 కిలోమీటర్లు ఎగిరేసరికి ఒంట్లో శక్తి అడుగంటుతుందని లెక్కగట్టినవారున్నారు. మరీ ప్రమాదకరమైన పని జీవితం చివరి భాగంలో ఉన్నవారి మీద పెట్టడం పట్టు పద్ధతి. పోయేది ఎటూ కొద్ది రోజులే కదా అన్న కఠినమైన లెక్క అందులో ఉంది. మగ్గాల లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. గంజాం నుంచి రైలెక్కే కుర్రవాడికి మీసకట్టు వచ్చిందో లేదో. ఇరవై నుంచి నలభై దాకా ఒంట్లో ఉన్న బలమంతా షెడ్డులో ఖర్చయ్యాక, చూపు మందగించి పోగు దొరకని వయసులో ఊరికి తిరిగి వెళ్తాడు. అప్పుడు అతన్ని చూసుకునేది ఊరే.

ఊరికి వెళ్లడం, తిరిగి రావడం కొండ తేనెటీగలకూ ఉంది. పూలు తగ్గిన కాలంలో పట్టు వదిలేసి మొత్తం గుంపు ఎగిరిపోతుంది. పదుల కిలోమీటర్లు, కొన్నిచోట్ల వంద దాటి. కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. వచ్చేది అదే చెట్టుకు, ఒక్కోసారి అదే కొమ్మకు. అస్సాంలో పట్టుల జన్యువులు పోల్చి చూసి, తిరిగొచ్చింది పాత గుంపేనని 2000లో పరిశోధకులు నిర్ధారించారు. వెళ్లిన కూలి ఈగలు తిరిగొచ్చేనాటికి బతికి ఉండే అవకాశం తక్కువ. దారి ఎవరు గుర్తుపెట్టుకుంటున్నారన్నది ఇప్పటికీ చర్చే. దారి మధ్యలో గుంపులు చెట్ల కొమ్మలకు వేలాడి కొన్ని రోజులు అలసట తీర్చుకుని మళ్లీ బయల్దేరడం థాయ్‌లాండ్‌లో గమనించి 2012లో రాశారు.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ పడ్డాక సూరత్ మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అమ్రోలీ చుట్టుపక్కల అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. మెస్ గదుల్లో ఒక సంగతి తేలింది. ఇద్దరికి ఒక పరుపు అన్న లెక్క, ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ పనిలో ఉంటేనే సరిపోతుంది. రెండు షిఫ్టులూ ఒకేసారి గదిలో చేరితే పడుకోవడానికి కాదు కదా కూర్చోవడానికి కూడా చోటు చాలదు. ఏప్రిల్ 10న లస్కాణా ప్రాంతంలో వందల మంది రోడ్ల మీదికి వచ్చి తమను ఇళ్లకు పంపమని అడిగారు. బండ్లు తగలబడ్డాయి, అరెస్టులు జరిగాయి. శ్రామిక్ రైళ్లు మే నెలలో మొదలయ్యాయి. దారిలో ఆగి అలసట తీర్చుకునే కొమ్మలు వీళ్లకు ఉన్నాయా లేదా అన్నది ఆ వేసవిలో దేశమంతా టీవీల్లో చూసింది. కొన్ని నెలలకు వాళ్లలో చాలామంది తిరిగి వచ్చారు, చాలావరకు వదిలి వెళ్లిన షెడ్లకే. ఎలా గుర్తుపెట్టుకున్నారని ఇక్కడ ఎవరూ పరిశోధించనక్కర్లేదు. ఊళ్లో అప్పు గుర్తుచేస్తుంది.

వాళ్లు ఇంకా గదుల్లో ఉండగానే 2020 ఏప్రిల్ 17న గుజరాత్ ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఫ్యాక్టరీల్లో రోజుకు 12 గంటలు, వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం రోజుకు తొమ్మిది, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు కూలి ఇవ్వాలి. నోటిఫికేషన్ ఆ రెట్టింపు అక్కర్లేదంది. అదే ఏడాది అక్టోబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మహమ్మారి భారాన్ని కూలీల భుజాల మీద మోపడానికి చట్టంలోని అత్యవసర అధికారం పనికిరాదని, చేసిన అదనపు గంటలకు చట్టప్రకారం చెల్లించాలని తీర్పు చెప్పింది. అప్పుడు పక్కకు వెళ్లిన 12 గంటలు ఐదేళ్లకు మరో వాకిలి గుండా లోపలికొచ్చాయి. 2025 జూలైలో రోజుకు 12 గంటల దాకా అనుమతిస్తూ గుజరాత్ ఆర్డినెన్స్ తెచ్చింది, సెప్టెంబరులో శాసనసభ ఆమోదించింది. వారానికి 48 గంటల పరిమితి మాత్రం అలాగే ఉంచారు. 2025లోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కూడా రోజువారీ పరిమితిని పది గంటలకు పెంచాయి. ఆ నవంబర్ 21న కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను అమల్లోకి తేవడంతో 1948 చట్టం స్థానంలో కొత్తది వచ్చింది.

ఈలోగా పెద్ద కంపెనీల పెద్దలు యువతకు హితబోధలూ చేశారు. 2023లో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి వారానికి 70 గంటలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ మాట 90 గంటలని బయటికొచ్చింది. దేశమంతా వాదించుకుంది. అమ్రోలీకి ఆ వాదనలో కొత్తేమీ కనపడి ఉండదు. 12ను ఆరుతో హెచ్చవేస్తే 72. అక్కడ అది ఆశయం కాదు, మామూలు వారం.

చిన్న షెడ్లలో చాలా భాగం ఫ్యాక్టరీలుగా నమోదు కాకుండా దుకాణాలు, సంస్థల లెక్కలో ఉండిపోయాయి. హాజరు కార్డు, జీతం చీటీ లేనిచోట గంటలకు రుజువు ఉండదు, మీటర్లకే ఉంటుంది. కొత్త లెక్క ప్రకారం రోజుకు 12 గంటల చొప్పున సోమవారం మొదలుపెడితే గురువారం సాయంత్రం ఏడింటికి 48 గంటలు నిండుతాయి. చట్టం దృష్టిలో ఆ వారం అయిపోయినట్టే. శుక్రవారం ఉదయం ఏడింటికి అమ్రోలీ టీ బండి దగ్గర రెండు గుంపులూ మళ్లీ కలుస్తాయి. గదిలో పరుపు ఇంకా వెచ్చగానే ఉంటుంది.